బేషిక్ మీద పాఠం

కిర్గిజ్ కొండల మధ్య ఉన్న నరీన్‌లో ఏప్రిల్ అంటే వసంతమని కేలండర్ ఒక్కటే నమ్ముతుంది. ఆ రోజు పొద్దున కూడా కిటికీ అంచున మంచు పేరుకునే ఉంది. వంటింట్లో పొయ్యి పక్కన బల్ల మీద ఒకవైపు పాల టీ, మీగడ, అప్పుడే నూనెలోంచి తీసిన పిండి బొర్సోకులు. రెండోవైపు కోడలు జిపార్ పుస్తకాలు. ఒక నూనె చుక్క 'పిల్లల ఎదుగుదల' అనే అధ్యాయం మీద పడి మెల్లగా పాకుతోంది.

"పుస్తకానికి కూడా ఫలహారం పెడుతున్నావా ఏమిటే?" అంది అత్తగారు బురుల్చా.

ఆవిడ మనవరాలు ఐదానాని చెక్క ఊయలలో పడుకోబెడుతోంది. ఆ బేషిక్‌లోనే ఆవిడ నలుగురు పిల్లలూ పెరిగారు. ముందు చేతులు ఒంటికి ఆనించి, తర్వాత కాళ్ళు చాపి, మెత్తటి పట్టీలతో చుట్టి ముడి వేసింది. పది నెలలు దాటిన పిల్ల కాసేపు గింజుకుని, ఊయల అటూ ఇటూ ఊగగానే కళ్ళు మూసింది.

"ఇవాళ ఏం పాఠం?"

"పిల్లలు ఎప్పుడు బోర్లా పడతారు, ఎప్పుడు కూర్చుంటారు, ఎప్పుడు నడుస్తారు... అది, అపా."

బురుల్చా పొట్ట పట్టుకుని నవ్వింది. "దానికి పుస్తకం ఎందుకే! మన వీధిలో ఏ ముసలమ్మని అడిగినా చెబుతుందిగా!"

జిపార్ కూడా నవ్వేసింది గానీ, పేజీ మీంచి కళ్ళు తీయలేదు. ఆమె చదివింది జ్ఞాపకం గురించి. మనిషికి ఏది గుర్తుంటుంది, ఏది గుర్తున్నట్టు అనిపిస్తుంది అన్న ఆ ఒక్క సంగతి మీదే రాజధాని బిష్కెక్‌లో ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకుంది. ఆ విషయంలో ఎవరేం అడిగినా తడుముకోకుండా చెబుతుంది. కానీ ఇక్కడి కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే పెద్దాయన రాజధానికి వెళ్ళిపోవడంతో మొదటి ఏడాది కోర్సు మొత్తం ఆమె నెత్తిన పడింది. మెదడు, కన్ను, భయం, నిద్ర, పిల్లలు, ముసలివాళ్ళు... వారానికో కొత్త ఊరు, ఏ ఊళ్ళోనూ దారి తెలియదు. పిల్లలకంటే ఒక్క అధ్యాయం ముందుంటే చాలు దేవుడా అనుకుంటూ పరిగెడుతోంది.

"నేర్చుకుంటూ చెప్పేయమ్మా, అదెంత పని!" అన్నాడు శాఖాధిపతి శార్షెన్. ఆయనకేం, అనడం తేలిక. పైగా వచ్చే వారం బహిరంగ పాఠం. తోటి అధ్యాపకులంతా వచ్చి వెనక బల్లల మీద కూర్చుంటారు. పాఠం అయ్యాక ఈకకి ఈక తోకకి తోక పీకి విడదీస్తారు. వచ్చే ఏడాది ఆమెని ఉంచాలా వద్దా అన్నది ఆ రోజే తేలుతుంది.

"వదినా, బస్సు వచ్చేస్తోంది!" అని గుమ్మంలోంచి అరిచింది ఆడపడుచు బేగాయిమ్. ఆ పిల్ల కూడా అదే క్లాసులో చదువుతోంది. ఇంట్లో వదిన, క్లాసులో మాత్రం అందరిలాగే 'అక్కా' అనాలి. అప్పుడప్పుడు మర్చిపోయి నాలుక కరుచుకుంటుంది.

* * *

క్లాసులో జిపార్ పాఠం చెప్పలేదు, ఒప్పజెప్పింది. ఈ నెలలో తల నిలబెడతారు, ఈ నెలలో కూర్చుంటారు, ఏడాదికి అటూ ఇటూగా నడుస్తారు. పిల్లలు తలొంచుకుని రాసుకుంటున్నారు. ఎవరూ ఏమీ అడగకుండా గంట కొడితే బాగుండునని ఆమె గోడ గడియారం వంక చూస్తోంది.

అప్పుడు మూడో వరసలో తిలెక్ చెయ్యి ఎత్తాడు. వాడు కొండ మీది పల్లె నుంచి వచ్చిన కుర్రాడు, ఏ క్లాసులోనైనా వాడికో ప్రశ్న ఉంటుంది.

"అక్కా, ఈ పుస్తకంలో పిల్లలు నేల మీద దొర్లుతూ పెరిగారు. మేమంతా బేషిక్‌లో కట్టేసి ఉన్నవాళ్ళం. మరి మా సంగతేంటి?"

ఎంత మంచి ప్రశ్న! దానికి జవాబు ఆమెకి తెలియదు. 'తెలియదు' అని అంటే సరిపోయేది. కానీ మనసులో శార్షెన్ మొహం కదిలింది, వెనక బల్లల మీద కూర్చోబోయే మనుషులు కదిలారు. నాలుక దానంతటదే తిరిగింది.

"బేషిక్‌లో కట్టేస్తే ఎదుగుదల కుంటుపడుతుంది," అంది జిపార్. "అలాంటి పిల్లలు వెనకబడిపోతారు. పుస్తకంలో ఉంది."

పుస్తకంలో లేదు. అసలు బేషిక్ అన్న మాటే ఆ పుస్తకంలో లేదు.

ఎవరో వెనక నుంచి "అందుకేనేమో మనకి లెక్కలు రావు," అన్నారు గానీ ఎవరూ నవ్వలేదు. బేగాయిమ్ తలెత్తి వదిన వంక ఒక్క క్షణం చూసి, మళ్ళీ దించేసుకుంది.

* * *

సాయంత్రం జిపార్ ఇంటికి వచ్చేసరికి వాకిట్లో, గొర్రెల దొడ్డి గోడకి ఆనించి, పట్టీలు విప్పేసి ఉంది బేషిక్. గబగబా లోపలికి నడిచింది. ఇంట్లో ఐదానా నేల మీద కంబళిలో కూర్చుని గరిటెతో గిన్నె మోగిస్తోంది. బేగాయిమ్ మూల నిలబడి వేలి గోళ్ళు కొరుక్కుంటోంది.

"రా అమ్మా, రా, పంతులమ్మా!" అంది బురుల్చా. గొంతు చల్లగా ఉంది, అదే భయం. "నీ కూతుర్ని విప్పేశాను. కుంటిదైపోతుందని భయమేసింది."

"అపా, నేనన్నది అది కాదు..."

"మరేది? నేను నలుగుర్ని ఆ ఊయలలోనే పెంచాను. నలుగురూ కుంటివాళ్ళా? నలుగురూ తెలివితక్కువ వాళ్ళా? ఇదిగో, నీ మొగుడు కూడా అందులోనే పెరిగాడు. వాడిని కట్టుకునే ముందు నడిపించి చూసుకోలేదా?"

కుబాన్ అప్పుడే గుర్రాన్ని కట్టేసి లోపలికి వచ్చాడు. తల్లి మొహం చూసి, పెళ్ళాం మొహం చూసి, మళ్ళీ బయటికి వెళ్ళబోయాడు.

"ఎక్కడికిరా! నీ గురించే మాట్లాడుతున్నాం. నువ్వు వెనకబడ్డ పిల్లాడివిట. అరవైమంది ముందు చెప్పింది. నీ చెల్లెలు విని వచ్చింది."

"నేను చాడీలు చెప్పలేదన్నా," అంది బేగాయిమ్ ఏడుపు గొంతుతో. "అమ్మ ఏం పాఠం అయిందని అడిగితే చెప్పానంతే."

"నువ్వు చెప్పకపోతే రేపు బజార్లో నలుగురూ చెప్పేవాళ్ళు!" బురుల్చా తెల్ల తలగుడ్డ సర్దుకుని కోడలి వైపు తిరిగింది. "విను, కోడలా. నువ్వు పాఠం చెప్పుకోవడానికి వెళుతుంటే నీ బిడ్డని నేను చూస్తున్నాను. ఏనాడైనా ఒక్క మాట అన్నానా? చదువుకున్న కోడలు వచ్చిందని వీధంతా చెప్పుకున్నాను. ఆ కోడలే బల్లెక్కి నా పెంపకం కుంటిదంది. ఇక రేపట్నుంచి నేను చూడను. నీ పుస్తకాన్నే చూడమను."

తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఐదానా గరిటె పక్కన పెట్టి నానమ్మ వెళ్ళిన వైపే చేతులు చాపి ఏడుపు అందుకుంది.

"ఒక్క మాట, క్షమించమను. పోయేదేముంది?" అన్నాడు కుబాన్, పిల్లని ఎత్తుకుని.

"క్షమించమనడం కష్టం కాదు." జిపార్‌కి కన్నీళ్ళు ఆగలేదు. "నాకు తెలియదండీ! ఆ కుర్రాడు అడిగినదానికి జవాబు నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసి అబద్ధం ఆడాను. పెద్దావిడ అన్నదాంట్లో తప్పేముంది? బల్లెక్కి అబద్ధమే చెప్పాను. అలా అబద్ధాలు చెప్పి నిలబెట్టుకునే ఉద్యోగం ఉంటే ఎంత, పోతే ఎంత!"

కుబాన్ ఏడుస్తున్న కూతుర్ని ఒక భుజం మీద, ఏడుస్తున్న పెళ్ళాన్ని ఇంకో భుజం మీద ఆనించుకుని నిలబడ్డాడు.

* * *

మర్నాడు జిపార్ పిల్లని వీపుకి కట్టుకుని కాలేజీకి వెళ్ళింది. ఐదానా శాఖలో శార్షెన్ గారి కళ్ళద్దాలు లాగింది, సుద్దముక్క కొరికింది, పాఠం మధ్యలో రాగం తీసింది. ఆ మర్నాడూ అంతే. ఇక మూడో రోజు శార్షెన్ మెడ గోక్కుంటూ, "బహిరంగ పాఠం రోజు మాత్రం పాపని ఇంట్లో వదిలిరామ్మా," అన్నాడు. ఎక్కడ వదలాలో ఆయన చెప్పలేదు.

ఈలోగా ఆమె ఊరికే కూర్చోలేదు. నిజంగా బేషిక్ గురించి ఎవరైనా చూశారా, రాశారా అని వెతికింది. తెలిసింది కొంత, తెలియనిది ఎంతో. చిత్రం ఏమిటంటే, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకున్నాక చదువుతుంటే ఎన్నాళ్ళకో మళ్ళీ చదువు రుచిగా అనిపించింది. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయింది. పిల్లలు ఎప్పుడు నడిచారని తల్లుల్ని అడిగి రాసుకున్నారు అని ఉంది అక్కడ. అడిగితే తల్లులకి సరిగ్గా గుర్తుంటుందా? ఏమో! కానీ ఆ ప్రశ్న మాత్రం తనది. జ్ఞాపకం అనే ఆ ఊళ్ళో ప్రతి సందూ ఆమెకి తెలుసు.

పాఠానికి ముందు రోజు పొద్దున జిపార్ తల వంచి, రెండు చేతులతో టీ గిన్నె అత్తగారికి అందించింది.

"అపా, నేను తప్పు చెప్పాను. తెలియక చెప్పాను, తెలిసినట్టు చెప్పాను. ఎక్కడ అన్నానో అక్కడే ఆ మాట వెనక్కి తీసుకుంటాను. రేపు వచ్చి వినండి. ఆ తర్వాత పిల్లని చూడాలో వద్దో మీ ఇష్టం."

బురుల్చా టీ తీసుకుంది. మొహం మాత్రం కిటికీ వైపే ఉంచింది. "అందరి ముందూ అంటావా?"

"అందరి ముందే."

"మీ పెద్దాయన ముందు కూడానా?"

"ఆయన ముందే, అపా."

బురుల్చా టీ చప్పుడు చేస్తూ తాగింది.

* * *

బహిరంగ పాఠం రోజు గది కిటకిటలాడిపోయింది. వెనక బల్లల మీద శార్షెన్, పక్కన బిష్కెక్ నుంచి వచ్చిన ఇద్దరు, ఇంకా అధ్యాపకులు. గంట కొట్టబోతుండగా తలుపు తెరుచుకుంది. పండగలకి మాత్రమే తీసే ముఖమల్ కోటు వేసుకుని, గంజి పెట్టిన తెల్ల తలగుడ్డతో, చంకలో ఐదానాతో బురుల్చా లోపలికి వచ్చింది. వెనకే కుబాన్, బేషిక్‌ని భుజాన మోసుకుంటూ!

"ఈవిడ...?" అన్నాడు శార్షెన్ లేచి.

జిపార్ నోరు తెరిచి మూసింది. కోడలు అత్తగారి పేరు పలకకూడదాయె. "బురుల్చా గారు, మా అమ్మ!" అని బేగాయిమ్ అరిచి, అంతమంది ఉన్నారని గుర్తొచ్చి ముడుచుకుపోయింది. బురుల్చా నేరుగా మొదటి బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

జిపార్ బల్ల ముందుకి వచ్చింది. కాగితాలు చూసుకోలేదు.

"పోయిన వారం తిలెక్ ఒక ప్రశ్న అడిగాడు. నేనో జవాబు చెప్పాను. అది పుస్తకంలో లేదు, నాకు తెలిసిందీ కాదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి కల్పించాను. ఆ మాటతో మీ తల్లుల్నీ, మా అపానీ నొప్పించాను. అది తప్పు."

వెనక శార్షెన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. బురుల్చా నిటారుగా కూర్చునే ఉంది, కానీ గడ్డం కింద తలగుడ్డ ముడి వదులు చేసుకుంది.

"తిలెక్ అడిగింది నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు," అంది జిపార్. "అయితే దాన్ని ఎలా కనుక్కోవాలో మాత్రం కొంచెం తెలుసు. అపా, మిమ్మల్ని ఒకటి అడగనా? మీ పెద్దబ్బాయి, అదే మా ఆయన, ఎప్పుడు నడిచారు?"

"తొమ్మిదో నెలలో!" ఠక్కున చెప్పింది బురుల్చా, గదంతా ఒక చుట్టు చూసి. "బేషిక్‌లోంచి దిగి నడిచాడు."

"తొలి అడుగులు వేశాక కాళ్ళ తాడు కోసిన విందు గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు! వేసవికి మందల్ని తోలుకెళ్ళే కొండ మేతలో, జైలూలో చేశాం. నలుపు తెలుపు దారాలు పేని కాళ్ళకి కట్టింది మా అత్తగారే. పచ్చిక మీద తొలిమంచు పడింది. పందెంలో పరిగెత్తిన పిల్లలు ఇద్దరు జారి బొక్కబోర్లా పడ్డారు. ఎంత నవ్వామో! మర్నాడే గుడారాలు పీకి కిందికి దిగాం."

"మరి ఆయన పుట్టింది?"

"జైలూకి ఎక్కుతుంటే! గుర్రం దిగి గుడారం వేశామో లేదో నొప్పులు."

"ఎక్కుతుంటే పుట్టారు, దిగుతుంటే నడిచారు. ఒకే వేసవిలోనా, అపా?"

"పిచ్చిదానా, ఒకే వేసవి ఎలా అవుతుంది? మూడు నెలల పసివాడు నడుస్తాడా? మరుసటి..." బురుల్చా ఆగింది. ఒక చేతి వేళ్ళు మడిచింది. రెండో చేతి వేళ్ళు మడవడం మొదలుపెట్టి, ఇంకా సరిపోక, మళ్ళీ మొదటి చేతికి వచ్చింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గది గదంతా పగలబడి నవ్వింది. తలుపు దగ్గర కుబాన్ మొహం కందగడ్డ అయిపోయింది.

"నవ్వకండర్రా!" అని లేచింది బురుల్చా. "ఏడాది దాటాక నడిచాడు, అయితే ఏం? ఇప్పుడు గుర్రాల ఆటలో మేక కళేబరం లాక్కుపోతుంటే వాడిని పట్టేవాడు ఈ జిల్లాలో ఉన్నాడా? ఉంటే లేవండి!"

ఎవరూ లేవలేదు. చప్పట్లు మాత్రం కొట్టారు.

"అపా అబద్ధం చెప్పలేదు," అంది జిపార్. "జ్ఞాపకం నెలల్ని దాచుకోదు. విందుని దాచుకుంటుంది. మంచునీ, జారిపడ్డ పిల్లల్నీ దాచుకుంటుంది. అందుకే ఏ నెలలో నడిచారని అడిగితే అందరం పొరబడతాం. తాడు కోసిన రోజు బయట ఎలా ఉందని అడిగితే దొరుకుతుంది. మీరంతా ఇప్పుడు ఇంటికి ఫోన్ చేయండి. మీరు పుట్టినప్పుడు కాలం ఎలా ఉంది, తాడు కోసినప్పుడు ఎలా ఉంది, బేషిక్ ఉందా లేదా. అంతే అడగండి."

పాఠం నడుస్తుండగా ఫోన్లు చేయమనడం ఆ కాలేజీలో అదే మొదటిసారి. గది సంతలా మారిపోయింది. "అమ్మా, యాపిల్స్ కోసేశారా అప్పటికి?" "అమ్మమ్మా, గొర్రెలు ఈనుతున్నాయా లేదా?" ఒక్కొక్కరే వచ్చి నల్లబల్ల మీద రాస్తున్నారు, ఒక పక్క బేషిక్‌లో పెరిగినవాళ్ళు, ఇంకో పక్క పెరగనివాళ్ళు. అదే ఊయలలో పెరిగిన బేగాయిమ్ పుట్టినరోజు రాకుండానే నడిచిందని తేలింది. ఊయల మొహం చూడని ఒక పట్నం కుర్రాడు అందరికంటే ఆలస్యంగా నడిచాడు. వెనక నుంచి శార్షెన్ ఫోన్ చెవిన పెట్టుకుని, "నిజమా అమ్మా? అంత ఆలస్యమా?" అంటుంటే అందరూ వెనక్కి తిరిగారు.

"ఈ నల్లబల్ల రుజువు కాదు," అంది జిపార్ నవ్వు ఆగాక. "మనం ఉన్నది గుప్పెడు మందిమి. పక్కన తజికిస్తాన్‌లో ఇలాంటి ఊయలల్లో పెరిగిన పిల్లల్ని పరిశోధకులు చూశారు. కొన్ని పనులు కాస్త ఆలస్యంగా వచ్చాయి. నాలుగైదేళ్ళు వచ్చేసరికి పెద్ద తేడా కనిపించలేదు. అంటే నేను అన్నదీ తప్పే, తొమ్మిదో నెల అన్నదీ తప్పే. పుస్తకంలో ఉన్న నెలలు కూడా ఎవరో ఎక్కడో పెంచిన పిల్లలవి."

తిలెక్ మళ్ళీ చెయ్యి ఎత్తాడు. "మరి రోజుకి ఎంతసేపు కట్టేస్తే ఆలస్యం అవుతుందక్కా?"

"తెలియదు," అంది జిపార్ హాయిగా. "ఎలా కనుక్కుందాం? చెప్పండి."

పది చేతులు లేచాయి. గంట కొట్టింది, ఎవరూ కదల్లేదు. చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి, అంతలో బురుల్చా కేక పెట్టింది.

"చూడండర్రా! పిల్ల... పిల్ల!"

ఐదానా ఎప్పుడు జారిందో నానమ్మ ఒళ్ళోంచి జారింది. బేషిక్ కర్ర పట్టుకుని నిలబడింది. కర్ర వదిలేసింది. తల్లి వైపు ఒక అడుగు, తూలి, ఇంకో అడుగు, ఇంకోటి వేసి, సుద్దపొడి రాలిన నేల మీద తల్లి చేతుల్లో పడింది. బిష్కెక్ నుంచి వచ్చిన గంభీరమైన మనిషి ఒకాయన బల్ల మీద గుద్ది ఈల వేశాడు.

"ఏడాది కూడా నిండలేదు! బేషిక్‌లో పెరిగి!" అని అరిచింది బురుల్చా, విజయం అంతా తనదే అన్నట్టు. మరుక్షణం కోడల్ని, మనవరాల్ని కలిపి కావలించుకుని బోరున ఏడ్చేసింది. "నా కళ్ళ ముందు నడిచింది. నువ్వు రమ్మనకపోతే నేను చూసేదాన్ని కాదే. ఇంట్లో మూతి ముడుచుకుని కూర్చునేదాన్ని."

"మీరు రాకపోతే నాకు పాఠమే లేదు, అపా," అంది జిపార్, తానూ ఏడుస్తూ.

శార్షెన్ కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. "వచ్చే ఏడాది కోర్సు కూడా నీదేనమ్మా," అన్నాడు. "అన్ని అధ్యాయాలూ."

* * *

ఆదివారం ఇంటి వాకిట్లో తాడు కోసే విందు. గొర్రెని కోశారు, పెద్ద బాణలిలో బొర్సోకులు వేయించారు. క్లాసు మొత్తం వచ్చింది, శార్షెన్ తల్లిని కూడా తీసుకొచ్చాడు. బురుల్చా స్వయంగా పేనిన నలుపు తెలుపు తాడు ఐదానా కాళ్ళకి చుట్టింది. పిల్లలంతా వీధి చివరి నుంచి పరుగందుకున్నారు. కరుగుతున్న మంచు బురదలో సగం మంది జారిపడ్డారు. తిలెక్ ఒళ్ళంతా బురదతో ముందుగా వచ్చి కత్తి అందుకున్నాడు.

"మంచిదే అయింది," అంది బురుల్చా. "ప్రశ్నలు అడిగేవాడు కోస్తే పిల్లకీ ఆ నోరే వస్తుంది."

తాడు తెగింది. ఐదానా రెండు చేతులూ పట్టుకుని అటొకరు ఇటొకరు నడిపిస్తుంటే వీధంతా కేకలు వేసింది. మిఠాయిలు గాల్లోకి ఎగిరాయి.

సోమవారం పొద్దున పొయ్యి పక్కన జిపార్ పుస్తకం తెరిచింది. బురుల్చా మనవరాలిని బేషిక్‌లో పడుకోబెట్టింది. చేతులు చుట్టింది, కాళ్ళు చుట్టబోయి ఆగి, కోడలి వంక చూసి, కాళ్ళకి పట్టీ కాస్త వదులుగా వేసింది. కోడలు చూసీ చూడనట్టు ఊరుకుంది.

"ఇవాళ ఏం పాఠం?"

"నిద్ర, కలలు."

"వాటి గురించి నీకు తెలుసా?"

"తెలియదు, అపా."

బురుల్చా ఊయల ఊపుతూ తృప్తిగా తల ఊపింది. "అయితే బాగా చెబుతావు. వెళ్ళిరా. పిల్లని నేను చూసుకుంటాను."